పప్పుగుత్తి మైకు ముందు తోడేలు పిల్లవాడు

మా ఇంట్లో సినిమా చూశాక ఎవరి పని మీద వాళ్ళు లేచి వెళ్ళడానికి వీల్లేదు. థియేటర్ల బయట మైకులు పట్టుకుని నిలబడి, వచ్చేవాళ్ళను ఆపి "ఎట్లుందన్నా సినిమా?" అని అడిగే పబ్లిక్ టాక్ వీడియోలు ఉంటాయి కదా, మా అమ్మాయికి చిన్నప్పటి నుంచి వాటి పిచ్చి. సినిమా కన్నా అవే ఎక్కువ చూసేది. ఒకాయన ఈలలు వేస్తూ బ్లాక్‌బస్టర్ అని అరుస్తాడు, ఆయన పక్కనే ఇంకొకాయన తలనొప్పి గోలీ ఉంటే ఇయ్యమంటాడు. చూసింది ఒకటే సినిమా. ఇది మా పిల్లకు చెప్పలేనంత వింతగా ఉండేది.

అందుకని మా ఇంట్లోనూ మొదలుపెట్టింది. టీవీలో సినిమా అయిపోగానే వంటింట్లోకి ఉరికి పప్పుగుత్తి తెచ్చేది. అదే మైకు. ముందు వాళ్ళ నాన్న మూతి దగ్గర పెట్టేది, తర్వాత నా దగ్గర. ఆమె కడగకుండా తెచ్చిన రోజున మా ఆయన గడ్డానికి పప్పు అంటుకునేది. ఆయన అది తుడుచుకుంటూనే "సెకండాఫ్ జర ల్యాగున్నది" అని చెప్పేవాడు. రెండో సగం ఆయన నిద్రపోయి ఉండేవాడు. అయినా చెప్పేవాడు.

మేం భూపాలపల్లి క్వార్టర్స్‌లో ఉంటాం. మా ఆయన భూమి కింది గనిలో పనిచేస్తాడు. నేను చెల్పూర్ అవతల ఒక సర్కారు బడిలో తెలుగు చెబుతాను. నాకు కోపం కాస్త ఎక్కువ, ఆ సంగతి నా విద్యార్థులను అడిగినా చెబుతారు. మా అమ్మాయికి మాత్రం వాళ్ళ నాన్న పోలిక వచ్చింది. ఏదైనా లోపలే పెట్టుకుంటుంది.

తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ పిల్లకు పైపెదవి మీద, గడ్డం కింద, చెంపల పక్కన వెంట్రుకలు దట్టంగా రావడం మొదలైంది. హనుమకొండలో దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ పరీక్షలు చేయించి, భయపడాల్సిందేమీ లేదు, కొంతమంది ఆడపిల్లలకు ఇట్లా అవుతుంది, మెల్లగా తగ్గొచ్చు, తగ్గకపోనూ వచ్చు అని చెప్పింది. ఆమె చెప్పిన తీరు నాకు నచ్చింది. క్వార్టర్స్‌లో ఆడవాళ్ళు చెప్పిన తీరు మాత్రం నచ్చలేదు. ఒకరు శనగపిండి రుద్దమంటారు, ఒకరు పచ్చి పసుపు, ఒకరు "ఇప్పుడే ఏమన్న చెయ్యాలె అక్కా, ఆడపిల్లాయె" అని గొంతు తగ్గించి చెబుతారు. పిల్ల పక్కనే ఉండి వింటోందని తెలిసి కూడా గొంతు తగ్గిస్తారు, అదేదో మర్యాద అయినట్టు. ఆ రోజుల్లో మా ఇంట్లో శనగపిండి బజ్జీలకు కూడా మిగిలేది కాదు.

బ్యూటీ పార్లర్‌లో దారంతో తీయించుకుంది. ముఖమంతా ఎర్రగా పొక్కి, మంట తగ్గేలోపే మళ్ళీ వచ్చేశాయి. రెండోసారి పోనంది. తర్వాత బడిలో ఎవరో ఒక మాట అన్నారు. ఆ మాట ఏమిటో నాకు ఇప్పటికీ చెప్పలేదు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి బీరువా అడుగున కరోనా నాటి మాస్కుల పెట్టె వెతికి తీసింది. మర్నాటి నుంచి మాస్కు లేకుండా గడప దాటలేదు.

మా ఊళ్ళో ఎవరూ ఎందుకని అడగరు. బొగ్గు లారీలు పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా తిరుగుతూనే ఉంటాయి, ఉతికి ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి తెల్లగా ఉండదు. దుమ్ముకు మాస్కు పెట్టుకున్నదంటే ఎవరైనా నమ్ముతారు. ఆమె "దుమ్ము" అనేది, నేను "అవును, దుమ్ము" అనేదాన్ని. బడి ప్రార్థనలో వార్తలు చదివే పిల్ల వార్తలు చదవడం మానేసింది. ఇంట్లో పప్పుగుత్తి తిరిగి పప్పులోకి పోయింది. సినిమా అయిపోతే లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది.

ఫోటో సంగతి కూడా చెప్పాలి. అంతకు కొన్నాళ్ళ ముందే అమ్మాయికి ఓణీలిచ్చి శారీ ఫంక్షన్ చేశాం. ఫోటో స్టూడియో అతను మంచివాడు. ఆల్బంతో పాటు గోడకు పెట్టుకునే పెద్ద ఫోటో ఒకటి ఫ్రేము కట్టించి తెచ్చి, మేం అడగకుండానే "మొత్తం క్లీన్ చేసిన అక్కా" అన్నాడు. నిజంగానే చేశాడు. అందులో మా అమ్మాయి చెంపలు సబ్బు బిళ్ళలా నున్నగా ఉన్నాయి. రంగు కూడా రెండు పాళ్ళు పెంచాడు. మా ఆయన మురిసిపోయి అదే రోజు మేకు కొట్టి టీవీ పైన వేలాడదీశాడు. ఇంటికి ఎవరు వచ్చినా ముందు ఆ ఫోటోనే చూసేవాళ్ళు, బాగుందనేవాళ్ళు. నాకూ బాగానే అనిపించింది. అమ్మాయి ఒక్క మాటా అనలేదు.

ఈలోపు మా అన్న కూతురికి శారీ ఫంక్షన్ వచ్చింది. మా అన్నది మహబూబాబాద్‌లో టెంట్ హౌస్. కుర్చీలు, షామియానాలు, మైకు సెట్టు, వంట గిన్నెలు కిరాయికి ఇస్తాడు. ఒక ఆదివారం దేవరుప్పుల నుంచి మా అవ్వను కారులో ఎక్కించుకుని, కార్డు ఇచ్చి పిలవడానికి మా ఇంటికి వచ్చాడు. అవ్వ అంటే మా అమ్మ. గంపెడు సీతాఫలాలు తెచ్చింది. దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకున్నదట, డిక్కీలో పెడితే నలుగుతాయని.

కార్డు చేతిలో పెట్టగానే మా అమ్మాయి "నేను రాను మామా, పరీక్షలున్నయ్" అంది. పరీక్షలు లేవని నాకు తెలుసు, మా అన్నకూ తెలుసు. ఆయన నవ్వే ప్రయత్నం చేశాడు.

"ఏం కోడలా, మామ ఇంట్ల మొదటి ఫంక్షనాయె. నువ్వు రాకుంటే మరదలు ఏమనుకుంటది?"

పిల్ల ఆ రోజు ఇంట్లో కూడా మాస్కు తీయలేదు, జలుబు చేసిందని చెప్పింది. అన్నం తినేటప్పుడు కంచం తీసుకుని వంటింట్లోకి పోయి, గోడ వైపు తిరిగి కూర్చుని తిన్నది. అవ్వ అది చూసింది. నేను చూశానని కూడా చూసింది. సీతాఫలం ఒలుచుకున్నది. ఈ పిల్ల ఇట్లాగే గోడల వైపు తిరిగి బతుకుతుందా అనుకుంటూ నా కంచం సగంలోనే ఎత్తేశాను.

తిన్నాక మగవాళ్ళు కునుకు తీయబోతుంటే అమ్మాయి టీవీ పెట్టింది. ఏదో డబ్బింగ్ సినిమా మొదలవుతోంది. దట్టమైన అడవి, మంచు, స్కూలు సంచి వేసుకున్న ఒక పిల్లవాడు. వాడిని తోడేలు కరిచింది. ఇంకాసేపటికి వాడి చేతుల మీద వెంట్రుకలు మొలవడం మొదలైంది. నేను రిమోట్ కోసం దిండ్ల కింద, దివాన్ సందులో వెతకడం మొదలుపెట్టాను. "వేరే ఏదన్న పెడదాం, పాటలు పెడదాం" అంటూ ఎవరికీ అర్థం కాకుండా గొణిగాను.

"ఉంచు అమ్మా. నేనే పెట్టిన," అంది మా అమ్మాయి. రిమోట్ ఆమె చేతిలోనే ఉంది.

ఇక చేసేదేముంది, చూశాం. సినిమా ఏమంత గొప్పగా లేదు. అమెరికా పిల్లలందరూ కోస్తా తెలుగు మాట్లాడుతున్నారు, ఒక్క తాగుబోతు వాచ్‌మన్ మాత్రం మన భాష మాట్లాడుతున్నాడు. ఎప్పుడూ అంతే. దానికి నేను తిట్టుకుంటూ ఉండగానే తోడేలు పిల్లవాడు స్నానాల గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకున్నాడు. ముఖం కడుక్కుని తలెత్తేసరికి మళ్ళీ వచ్చేసింది. మళ్ళీ గీసుకున్నాడు, మళ్ళీ వచ్చింది. బయట వాళ్ళమ్మ తలుపు కొడుతోంది, వాడు "వస్తున్నా" అంటున్నాడు కానీ రావడం లేదు. నేను మా అమ్మాయి వైపు చూడకుండా ఉండటానికి ఫ్యాను వైపు చూశాను.

ఆ సీను భరించలేకనేమో తర్వాత అందరం అవసరం కన్నా ఎక్కువ మాట్లాడాం. సినిమాలో స్కూలు పిల్లల డ్యాన్సు పార్టీ వచ్చింది. మా అన్న లేచి కూర్చున్నాడు.

"గింత మందిని పిల్సి ఒక్క కుర్చీ ఎయ్యలె చూడు! నిలబడే తింటున్నరు. ముసలోళ్ళు వస్తే యాడ కూసుంటరు?"

"ముసలోళ్ళు రారు మామా, అది స్కూల్ పార్టీ."

"సార్లు రారా మరి? సార్లకన్న ఎయ్యాలె గద!"

ఆ తర్వాత తోడేలు పిల్లవాడి దోస్తులు వాడిని వెతుక్కుంటూ పాడుబడిన గనిలోకి దిగారు. ఇక మా ఆయన ఆగలేదు. పోలీసు ముందు, పిల్లలు వెనక, చేతిలో చిన్న టార్చి. మా ఆయన టీవీ వైపు చెయ్యి ఊపుతూ వాళ్ళను ఆపబోయాడు.

"టోపీ లేదు, లైటు లేదు, పైకప్పు కొట్టి చూసినోడు లేడు. పెచ్చు ఊడి పడితే తోడేలు ఎందుకు, అండ్లనే అందరు పోతరు. మా సర్దార్ చూస్తే ఒక్కొక్కని చెవులు పిండుతడు."

నిజమే, గనిలో భద్రత చూసే సర్దార్లు ఎవరైనా అట్లా దిగితే ఊరుకోరు. కానీ దయ్యాల సినిమాలో సేఫ్టీ గురించి కోపం తెచ్చుకున్న మనిషిని నేను మా ఆయన ఒక్కణ్ణే చూశాను. మా అమ్మాయి భుజాలు కదులుతున్నాయి. మాస్కు వెనక నవ్వుతోందని అర్థమై నాకు కాస్త ఊపిరి వచ్చింది.

అవ్వ మాత్రం అప్పటిదాకా ఏమీ అనలేదు. రోజూ సీరియళ్ళు చూసే మనిషి, టీవీలో ఉన్నది నాటకమని ఆమెకు బాగా తెలుసు. అయితే చివరికి వచ్చేసరికి ఏమైందంటే, స్కూలు మైదానంలో లైట్ల కింద, ఊరందరి ముందు ఆ పిల్లవాడికి ఒళ్ళు వణకడం మొదలైంది. తల ఊగుతోంది, కళ్ళు పైకి పోతున్నాయి, నోటి నుంచి వింత అరుపు వస్తోంది. చుట్టూ ఉన్నవాళ్ళు కుర్చీలు తన్నుకుంటూ పారిపోతున్నారు. ఒకడు తుపాకీ తీశాడు.

అవ్వ గబుక్కున లేచింది. "అయ్యో, శిగమొచ్చింది పొల్లగానికి!"

మా ఊళ్ళో ఎల్లమ్మ పండుగకు మనిషి మీదికి దేవత రావడాన్ని శిగం ఊగడం అంటారు. ఒళ్ళు అట్లాగే వణుకుతుంది, తల అట్లాగే ఊగుతుంది. అవ్వ చిన్నప్పటి నుంచి ఎన్నో శిగాలు చూసింది. కాబట్టి ఆమెకు ఈ సినిమాలో తోడేలేమీ కనపడలేదు. దేవర వచ్చిన పిల్లవాడు, పద్ధతి తెలియని ఊరు కనపడ్డాయి.

"ఉరుకుతున్నరేంది వీళ్ళు? ఎవ్వలు లేరా పెద్దమనుషులు? తుపాకి తీస్తున్నడేంది వాడు, వాని చెయ్యిరగ!" అంటూనే వంటింట్లోకి పోయింది. చెంబులో నీళ్ళు, నీళ్ళలో పసుపు, కిటికీ బయటి నుంచి తెంపిన వేపరెమ్మ పట్టుకుని వచ్చింది. మేం ఆపేలోపే టీవీ ముందు నిలబడింది.

"అత్తా, టీవీ! టీవీ మీద చల్లకు!" అని మా ఆయన కేక పెట్టాడు.

టీవీ మీద ఎందుకు చల్లుతుంది, దేవతను చల్లబరచే సాక నీళ్ళు నేల మీదనే పోస్తారు. పసుపు నీళ్ళు గచ్చు మీద ధారగా పోసి, చేతులు జోడించి, తోడేలు ముఖంలోకి సూటిగా చూస్తూ అడిగింది.

"ఎవరు నాయినా నువ్వు? ఏం కావాలె నీకు? చెప్పు, పెడ్తం."

అదే క్షణంలో కరెంటు పోయింది. టీవీ నల్లబడింది, ఫ్యాను ఆగింది. తోడేలు, తుపాకీ, అమెరికా ఏమీ లేవు. అవ్వ చెంబు కింద పెట్టి, చెంగుతో చెయ్యి తుడుచుకుంది.

"సల్లవడ్డడు," అంది.

మా ఇంటికి దగ్గర్లోనే, చెల్పూర్ థర్మల్ ప్లాంటులో కరెంటు పుడుతుంది. దాని పొగగొట్టాలు మా బడి వరండాలోంచి కనిపిస్తాయి. ఇట్లాంటి చోట ఉంటూ కరెంటు పోయినప్పుడల్లా నేను ఒళ్ళు మండి తిడతాను. ఆ రోజు మాత్రం తిట్టలేకపోయాను. మా అన్న గోడకు ఆనుకుని నవ్వుతున్నాడు, మా ఆయన దివాన్ మీద పడి నవ్వుతున్నాడు. మా అమ్మాయి నవ్వి నవ్వి ఊపిరి ఆడక మాస్కు గడ్డం కిందికి లాగేసింది. దాన్ని మళ్ళీ పైకి జరుపుకోవడం మర్చిపోయింది. నేను మా ఆయన వైపు చూసి ఏమీ అనవద్దని కళ్ళతోనే చెప్పాను. ఆయన ఏమీ అనేవాడు కాదు, నా భయం నాది.

తలుపులు తెరిచి వెలుతురు రానిచ్చాం. కరెంటు వచ్చేలా లేదు, సినిమా మాకోసం ఆగదు.

"ఏమాయె పొల్లా, ఇదివరకు సినిమా కాంగనే పప్పుగుత్తి పట్టుకొని అడుగుతుంటివి గద? అడగవా?" అంది అవ్వ.

అమ్మాయి లేచి వంటింట్లోకి వెళ్ళి పప్పుగుత్తి తెచ్చింది. నాకు ఏడుపు వచ్చినంత పనైంది, సీతాఫలం గింజలు ఏరే నెపంతో తల వంచుకున్నాను.

"చెప్పండి సార్, సినిమా ఎట్లుంది?"

"కుర్చీలు లెవ్వు. నేనైతే పోను గసొంటి ఫంక్షన్‌కు," అన్నాడు మా అన్న.

"గని సీన్లు అన్ని తప్పే. మిగిలింది ఓకే. సెకండాఫ్ జర ల్యాగున్నది," అన్నాడు మా ఆయన.

నన్ను అడిగితే తాగుబోతు వాచ్‌మన్ గురించి ఒక ఉపన్యాసమే ఇచ్చాను. "థాంక్యూ మేడమ్, థాంక్యూ" అని నా నోటి దగ్గరి నుంచి పప్పుగుత్తి లాక్కుని అవ్వ ముందు కూర్చుంది.

"అమ్మమ్మా, నీకెట్లనిపించింది?"

అవ్వ నవ్వలేదు. "నాకు మంచిగనిపియ్యలె బిడ్డా. గంత పెద్ద ఊర్ల గా పొల్లగాణ్ణి ఒక్కరన్న అడిగిండ్రా, నీకేం గావాలెరా అని? ఒకడు మందు పోస్తనంటడు, ఒకడు గొలుసులతోటి కట్టేస్తడు, ఒకడు తుపాకి పడ్తడు. ఆళ్ళవ్వ తలుపు కొడ్తది గని అడగది. మా దిక్కు శిగమొస్తే ఎవ్వలు ఉరకరు. పెద్దమనిషి ఎదురుంగ పోయి అడుగుతడు. చీరె గావాలంటే చీరె, బోనం గావాలంటే బోనం. అడిగినంక చెప్తది, చెప్పినంక సల్లవడ్తది. అడగకుంటే ఎట్ల?"

చెప్పడం అయిపోయాక పప్పుగుత్తిని మనవరాలి చేతిలోంచి తీసుకుంది. తిప్పి ఆ పిల్ల నోటి దగ్గర పెట్టింది.

"ఇగ నువ్వు చెప్పు. నీకేం గావాలె?"

"ఏముంటది, కొత్త ఫోను..." అని మా అన్న అందుకోబోయాడు. అవ్వ ఆయన వైపు చూసిన చూపుకు అక్కడే ఆగిపోయాడు. నా నోట్లో కూడా జవాబు సిద్ధంగా ఉంది. పిల్లను ఎవరైనా ఏదైనా అడిగితే నేనే చెప్పడం నాకు అలవాటైపోయింది. డాక్టరమ్మ అడిగినా నేనే చెప్పాను. ఆలోచిస్తే, మందుల గురించి, క్రీముల గురించి, శనగపిండి గురించి ఇంటిల్లిపాదీ ఇంత మాట్లాడుకున్నాం కానీ, ఏం కావాలని ఆ పిల్లను అడిగినవాళ్ళు లేరు. నేను నోరు మూసుకున్నాను.

అవ్వ చెయ్యి కదలలేదు, పప్పుగుత్తి అట్లాగే పట్టుకుని ఉంది. చివరికి పిల్ల తలెత్తి టీవీ పైకి చూసింది.

"గా ఫోటో తీసెయ్యండి."

మాకు వెంటనే అర్థం కాలేదు.

"అది నేను గాదు. ఎవరొచ్చినా దాన్ని చూసి మంచిగున్నదంటరు. నేను ముందట్నే నిలబడి ఉంట. పొద్దుగాల లేస్తే ఆమె మొఖం చూసుకుంటనే బడికి పోవాలె. నాకు ఇంకేం వద్దు. గది తీసెయ్యండి."

మా ఆయన లేచాడు. ఆ ఫోటో మీద ఆయనకు ఎంత మురిపెమో నాకు తెలుసు, గని నుంచి రాగానే దాని అద్దం తుడిచేవాడు. కుర్చీ వేసుకుని ఎక్కి, రెండు చేతులతో ఫ్రేము దింపి, బీరువా వెనక గోడ వైపు తిప్పి పెట్టాడు. తిరిగి వచ్చి బిడ్డ పక్కన నేల మీద కూర్చున్నాడు. గోడ మీద ఫోటో ఉన్నంత మేర సున్నం తెల్లగా ఉంది, చుట్టూ అంతా దుమ్ముకు మసకబారి ఉంది. అవ్వ పప్పుగుత్తిని పక్కన పెట్టి, సీతాఫలం ఒకటి విప్పి మనవరాలి చేతిలో పెట్టింది.

కరెంటు వచ్చేసరికి ఆ చానల్‌లో వంటల కార్యక్రమం నడుస్తోంది. తోడేలు పిల్లవాడు ఏమయ్యాడో మాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత ఒకరోజు ఆ సినిమా గురించి జనం ఏమంటున్నారోనని ఫోన్‌లో చూశాను. తోడేలు వేషం గొర్రె తోలు కప్పినట్టుందని ఒకరు, తోడేలు కన్నా హీరో ఏడుపే భయంగా ఉందని ఒకరు, నిద్ర పట్టనివాళ్ళు చూడాలని ఒకరు. ఒక్కరూ మంచి మాట అనలేదు. నాకు కోపం వచ్చింది. "మేం ఐదుగురం చూశాం. చివర్లో కరెంటు పోయింది. మాకు చాలా మేలు చేసిన సినిమా" అని రాశాను. కింద ఎవరో నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. పెట్టుకోనీ. ఆ సినిమా తీసినవాళ్ళు ఎక్కడున్నారో, వాళ్ళ మీద నాకు ఎంత కృతజ్ఞత ఉందో వాళ్ళకు ఎన్నడూ తెలియదు. అవ్వకు మాత్రం నోటితోనే చెప్పాను. "ఏం జేసిన నేను? అడిగిన గంతే" అంది.

ఫంక్షన్‌కు అమ్మాయి వచ్చింది. మాస్కు పెట్టుకునే వచ్చింది, నేనేమీ అనలేదు. మహబూబాబాద్‌లో మా అన్న హాలు నిండా కుర్చీలు వేయించాడు, అవసరానికి రెండింతలు వేయించి ఉంటాడు. భోజనాలు అవుతుండగా తన మైకు సెట్టులోంచి తీగ లేని మైకు ఒకటి తెచ్చి మేనకోడలి చేతిలో పెట్టాడు. "పబ్లిక్ టాక్ తీస్కో కోడలా, వంట ఎట్లున్నదో అడుగు" అన్నాడు. ఆమె నా వైపు చూసింది, నేను అవ్వ వైపు చూశాను, అవ్వ మాంసం ముక్క కొరుకుతోంది.

మొదటి బంతి దగ్గరకు పోయి ఏదో అడిగింది. మాస్కులోంచి మాట ముద్దగా వచ్చింది. "ఏమంటున్నవో ఇనవస్తలేదు బిడ్డా!" అని వెనక నుంచి ఎవరో పెద్దాయన అరిచాడు. ఆమె మాస్కు తీసి నడుములో దోపుకుంది.

"ఇప్పుడు ఇనవస్తుందా తాతా?"

హాలంతా వినిపించింది. కొందరు చూశారు. చూడరని నేను చెప్పను. నా పక్కన కూర్చున్నామె నా చెవి దగ్గరకు వంగి, గొంతు తగ్గించి, "శనగపిండిల జర..." అని మొదలుపెట్టింది. ఇంతలో మా పిల్ల మైకు తెచ్చి సరిగ్గా ఆమె నోటి ముందే పెట్టింది. "చెప్పండి అత్తమ్మా, బగారన్నం ఎట్లున్నది?" ఆమె తత్తరపడి "మంచిగున్నది" అంది. ఆ మాట స్పీకర్లలో మోగింది. మా అన్న ఆ సమయంలోనే ఫోన్‌లో ఫోటో తీశాడు. తల వెనక్కి వాల్చి నవ్వుతున్న మా అమ్మాయి, చేతిలో నిజం మైకు, పైపెదవి మీద నూగు కన్నా ఎక్కువే, చెంపల మీద లైటు.

ఆ ఫోటోను పెద్దది చేయించడానికి ఇద్దరం స్టూడియోకు పోయాం. పాత ఫోటో చేసిన మనిషే. కంప్యూటర్‌లో తెరిచి, చెయ్యి అలవాటుగా మౌసు మీదికి పోయింది. ముఖం దగ్గరకు పెద్దది చేశాడు. "జర క్లీన్ చేస్త అక్కా, రెండు నిమిషాల పని" అన్నాడు నాతో.

నేను ఒక అడుగు పక్కకు జరిగాను. ఆయన ఎవరిని అడగాలో వాళ్ళు పక్కనే ఉన్నారు.

"వద్దన్నా. ఎట్లున్నదో గట్లనే ఉండనీ," అంది మా అమ్మాయి.

ఆయన ఆమె వైపు చూశాడు, తెర వైపు చూశాడు, సరేనన్నాడు. అట్లాగే తీసి ఇచ్చాడు. ఫ్రేమును కాగితంలో చుట్టి చెరో వైపు పట్టుకుని రోడ్డు వెంట నడుస్తున్నాం. గోడ మీద పాత మేకు అట్లాగే ఉంది కాబట్టి కొత్తది కొట్టే పని లేదు. ఎదురుగా బొగ్గు లారీ ఒకటి పట్టా సరిగ్గా కప్పకుండా దుమ్ము లేపుకుంటూ వస్తోంది. రెండు చేతులూ ఫ్రేము మీదే ఉండి మా అమ్మాయి ముఖం విప్పుకుని నడుస్తోంది.

"మాస్కు పెట్టుకోవే, దుమ్ము!" అని అరిచాను.

అన్నాక తెలిసింది, ఆ మాట మొదటిసారి నిజంగా దుమ్ము కోసమే అన్నానని. ఆమెకూ తెలిసినట్టుంది. నా వైపు చూసి నవ్వి, కళ్ళు గట్టిగా మూసుకుని, లారీ పోయేదాకా ఫ్రేముకు వీపు అడ్డం పెట్టి నిలబడింది.